తిరిగి చేరవలసినది

మధ్యాహ్నం అయ్యేసరికి జిగురు సెక్షన్‌లో ఆడవాళ్లకు ముక్కు చచ్చిపోతుంది. అన్నం వాసన తెలియదు, చెమట వాసన తెలియదు. బూటు అడుగు అంచు చుట్టూ బ్రష్‌తో జిగురు పూయడం, వేడిపెట్టెలోకి తోయడం, అవతలి నుంచి వచ్చినదాన్ని అందుకుని మళ్లీ ఒక పూత పూయడం. పొద్దుటి నుంచీ అదే పని. అలాంటి ముక్కు వేసుకుని గైహువా ఆ బుధవారం భోజనం గంటకి హాస్టల్ మెట్లు ఎక్కుతూ మూడో అంతస్తు మలుపులో ఆగిపోయింది.

వాము ఆకు నలిపి, పొగ పట్టించి, మీద బెల్లం చల్లినట్టుంది వాసన. గాన్సు కొండల్లో వాళ్ల ఊళ్లో మంచు పడే ముందు ఇళ్లన్నీ ఇలాగే ఉంటాయి. తవ్విన దాంగ్‌గుయ్ వేర్లను గుప్పెడు గుప్పెడు కట్టలు కట్టి అటక మీద పేర్చి, కింద పచ్చికొమ్మలు మంట లేవకుండా రగిలిస్తారు. ఆ నెలంతా మనుషుల జుట్టుకీ పరుపులకీ గొర్రెలకీ ఒకటే వాసన.

ఇక్కడ, దక్షిణాన, కాంటన్ దగ్గరి ఈ బూట్ల ఫ్యాక్టరీలో ఆ వాసన ఉందంటే అది ఒక్క చోటి నుంచే రావాలి. గైహువా మిగిలిన మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

గది తలుపు మూసి ఉంది. కింద సందులో తువ్వాలు కుక్కారు.

"ఎవరు?"

"నేనే, గైహువాని. తీ."

లోపల కింది మంచం మీద టాన్ యింగ్ మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకుని ఉంది. హునాన్ పిల్ల, పంతొమ్మిదేళ్లుంటాయి, నోరు ఎప్పుడూ ఊరుకోదు, అందుకే గదిలో మిరప్పిల్ల అంటారు. ఇప్పుడు దాని నోరు మూతపడి ఉంది. పెదాలు బూడిదరంగు. మంచం ముందు నేల మీద లియావ్ అక్క కూర్చుని, భుజం దాకా చెయ్యి మంచం కిందికి పెట్టి దేన్నో నొక్కి పట్టుకుంది. అక్కడ రైస్ కుక్కర్ ఉంది. మూత గలగలలాడితే కారిడార్‌లోకి వినబడుతుంది.

పక్కన గైహువా నీలం సంచి, మూతి విప్పి ఉంది.

"నా సంచి ఎవరు విప్పారు?"

"నేనే," అంది లియావ్ అక్క తల తిప్పకుండా. "పోలీసుల్ని తర్వాత పిలుద్దువుగాని, ముందు తలుపు మూసి ఆ తువ్వాలు లోపలికి తొయ్యి."

"అది తినడానికి తెచ్చుకున్నది కాదక్కా. మా అమ్మ ఒక్కొక్క వేరు తలా ఏరి పంపింది. సూపర్‌వైజర్‌కి ఇవ్వాలి."

"తెలుసులే, ప్యాకింగుకి మారాలని. నిద్రలో కూడా అట్టపెట్టెలు మడతపెడుతుంటావు, మాకు తెలియకుండా ఉంటుందా?"

గైహువాకు ఒళ్లు మండింది. ప్యాకింగులో జిగురు ఉండదు, కిటికీలు ఉంటాయి. ఏడాదిగా అదే ఆశ. ఉత్త చేతులతో అడిగితే సూపర్‌వైజర్ మనిషి ముఖం కూడా చూడడు. వాళ్ల ఊరి దాంగ్‌గుయ్ తలలు పట్టుకెళ్తే చూస్తాడు. దక్షిణాది వాళ్లు ఆ వేరు లేనిదే బాలింతకి చారు కాయరు.

"అది లైన్ మీద పడిపోయిందే," అంది లియావ్ అక్క. "వేడిపెట్టె పక్కన. ఇంకాస్త అటు పడితే చెయ్యి పోయేది. బయట కూర్చుని రమ్మన్నాడట ఆ సూపర్‌వైజర్ మహానుభావుడు. మూడు నెలలుగా ముట్టు లేదు, ఇవాళ వచ్చింది, నల్లగా, ముద్దలు ముద్దలుగా. నువ్వు చెప్పు, జిగురు సెక్షన్‌లో ఎవరికి సరిగ్గా వస్తోంది?"

ఎవరికీ సరిగ్గా రావడం లేదు. ఫ్యాక్టరీ డాక్టరు దగ్గరికి వెళితే అందరికీ ఒకే తెల్ల మాత్ర ఇస్తాడు. ఆ జిగురే ఒళ్లు పాడుచేస్తోందని ఆడవాళ్లందరికీ తెలుసు. తెలియనిది జీతాలిచ్చేవాళ్లకే. వాళ్లకి తెలియదని కాదు, తెలియనట్టుంటే వాళ్లకి లాభం.

"నీ వేరుకి వేరు తెచ్చిస్తానక్కా," అంది టాన్ యింగ్ దిండులోంచి.

"ఎక్కడ్నుంచి తెస్తావే? మీ ఊళ్లో మిరపకాయలు తప్ప ఏమున్నాయి?" అంది గైహువా. కానీ వంగి దుప్పటి సరిచేసింది.

లియావ్ అక్క కుక్కర్ బయటికి లాగింది. గ్వాంగ్‌షీ మనిషి, నలభై దగ్గర పడింది, ఏ కడుపునొప్పికి ఏ చారో చెప్పకుండా అన్నం ముద్ద ఎత్తదు. నల్లటి నీళ్లలో తలలు ముక్కలై తేలుతున్నాయి. ఎండు రేగుపళ్లు ఉబ్బి ఉన్నాయి. కోడిగుడ్లు ఒకసారి ఉడికించి, పెంకు తీసి మళ్లీ వేసింది, వాటి ఒళ్లంతా గోధుమరంగు పట్టింది. ఒక గిన్నె టాన్ యింగ్ చేతిలో పెట్టి, ఇంకో గిన్నె గైహువా వైపు చాచింది.

"నాకొద్దు. నేనెప్పుడూ తాగలేదు."

"ఏమన్నావూ?"

"తాగలేదన్నా. మా ఊళ్లో ఎవరు తాగుతారు? తలలు అమ్ముతాం. విరిగిన తోకలు ఉడకబెట్టి ఈనిన గొర్రెకి పోస్తాం."

"గొర్రెకి పోస్తారు, మీరు తాగరు."

"గొర్రె చస్తే నష్టం కదా," అంది గైహువా. అన్నాక తన మాట తనకే వినబడింది.

లియావ్ అక్క నవ్వలేదు. గిన్నె అలాగే పట్టుకుని కూర్చుంది. గైహువా అందుకుని తాగింది. నాలుక మొదట్లో చేదు, చివర తీపి. గొంతు దిగాక వేడి పొట్టలో ఆగలేదు, నడుములోకి, అక్కణ్నుంచి కాళ్లలోకి పాకింది. ఎనిమిదేళ్లప్పటి నుంచి రెండు కొమ్ముల పారతో తవ్విన వేరు ఇలా ఉంటుందన్నమాట. ఇన్నేళ్లూ దీన్ని మోసిందే తప్ప తెలుసుకోలేదు. ఆమెకు సిగ్గు వేసింది. ఆ సిగ్గు వెనకే, పిలవకుండా, గర్వం కూడా వచ్చింది. ఇది మా మట్టిలోది.

టాన్ యింగ్ గిన్నె దించి, "గుడ్డు ఇంకోటి ఉందా?" అంది. నోరు తిరిగొచ్చింది.

అప్పుడే తలుపు తోశారు.

*

హాస్టల్ వార్డెన్ కువాంగ్ మేడమ్ ముక్కు గురించి ఆరు అంతస్తుల్లోనూ కథలున్నాయి. కింది అంతస్తులో కూర్చుని పై అంతస్తులో ఎవరు ఎండుచేప వేయించారో చెప్పేస్తుందంటారు. ఆవిడా ఆ మాటలు విని మురుస్తుంది. ఈ ఊరి మనిషే, యాభై ఏళ్లుంటాయి, చేతిలో తాళాల గుత్తి.

లోపలికి వచ్చి ఎవరి ముఖమూ చూడలేదు. తిన్నగా మంచం కిందికి వంగి వైరు పట్టి కుక్కర్‌ను లాగింది.

"ఎవరిది?"

టాన్ యింగ్ గిన్నెను దుప్పటి కిందికి తోసింది.

"చెప్పకపోతే మానెయ్యండి. నాకు చూసినవాళ్లు అక్కర్లేదు, వాసనే సాక్షి."

నీలం సంచి కూడా తీసుకుంది. మూతి విప్పి లోపల ముక్కు పెట్టింది. ఒక తల బయటికి తీసి కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. లావుగా, నూనె నిగారింపుతో ఉంది. ఆవిడ కళ్లు చిన్నవయ్యాయి.

"దాంగ్‌గుయ్ అంటే ఏంటో తెలుసా? తిరిగి చేరవలసినది అని. పేరులోనే ఉంది. గదిలో వండినదెవరో ఆ మనిషి ఇంటికి తిరిగి చేరవలసిందే." తన చమత్కారానికి తనే కాస్త నవ్వుకుంది. "ఆదివారం పొద్దున పరేడ్. ఎవరి ఒంటి మీద ఈ వాసన ఉందో వాళ్లు తమంతట తామే వచ్చి, మెడలో ఈ కుండ వేసుకుని గేటు దగ్గర నిలబడాలి. సాయంత్రానికి పెట్టె సర్దుకోవాలి. ఎవరూ రాకపోతే గది గదంతా ఖాళీ."

సాయంత్రం మైకులో అదే మాట హాస్టల్ మొత్తానికి చదివింది. ఎవరి ఒంటి మీద వాసన ఉందో వాళ్లు గేటు దగ్గర నిలబడాలి. రెండుసార్లు చదివింది, స్పష్టంగా, పొల్లు పోకుండా.

*

మర్నాడు భోజనం గంటలో గైహువా కింది అంతస్తుకి వెళ్లింది. సంచి అయినా అడిగి తెచ్చుకుందామని. ఆఫీసు గది తలుపు ఓరగా ఉంది. చెయ్యి ఎత్తి తట్టబోయి ఆగింది.

కువాంగ్ మేడమ్ కరెంటు పొయ్యి మీద మట్టికుండ పెట్టుకుని ఉంది. కోడి, అల్లం, బియ్యపు సారా. పక్కన చెక్కపలక మీద దాంగ్‌గుయ్ తలలు ఆవిరికి మెత్తబడి ఉన్నాయి. ఆవిడ వాటిని ఏటవాలుగా, కాగితంలా పలచగా కోస్తోంది. మంచి చెయ్యి. ఒక్క ముక్క విరగడం లేదు.

ప్రతి తల మీదా, మొలక వచ్చే చోట, చిన్న గిల్లు ఉంది. గైహువా వాళ్లమ్మ గోరు అది. పొగకి పెట్టే ముందు ప్రతి తలనూ అక్కడ గిల్లి చూస్తుంది, లోపల గట్టిగా ఉందో లేదో అని.

"లోపలికి రా," అంది కువాంగ్ మేడమ్ తిరక్కుండానే. "జిగురు సెక్షన్. గుమ్మంలోకి రాకముందే తెలుస్తుంది నాకు."

గైహువా వెళ్లి నిలబడింది.

"ఎక్కడివే ఇవి? ఇక్కడి కొట్లలో ఇలాంటి సరుకు చూసి పదేళ్లయింది. అన్నీ గంధకం పొగ పెట్టి తెల్లగా చేసిన చెత్త. ఓనరు గారి కోడలు బాలింత, రోజూ కారొచ్చి చారు తీసుకెళ్తుంది. ఇవాళ గిన్నె నాకి పెడుతుంది చూడు."

"మేడమ్, అవి..."

"నీవేనని తెలుసు. ఈ హాస్టల్లో గాన్సు పిల్లవి నువ్వొక్కత్తివే." ఇంకో తల తీసి కోయడం మొదలుపెట్టింది. "వేరు దగ్గర పెట్టుకోవడం తప్పు కాదు. గదిలో వండటం తప్పు. ఆ కుండ నీది కాదు. నీకు సారా గ్లాసంత ఫ్లాస్కు తప్ప ఏమీ లేదని నేను చూశాను. కుండ ఎవరిదో చెప్పు. మీ సూపర్‌వైజర్ నా మాట కాదనడు. సోమవారం నుంచి ప్యాకింగులో కిటికీ పక్కన కూర్చుంటావు."

గైహువా పలక మీది ముక్కల్నే చూస్తోంది.

"మీరూ వండుతున్నారుగా మేడమ్."

కత్తి ఆగింది.

"ఇది గది కాదు, ఆఫీసు," అంది కువాంగ్ మేడమ్. కోపంగా కూడా కాదు. ఎండ ఎక్కడుంది, నీడ ఎక్కడుంది అని చెప్పినట్టు చెప్పింది. "ఆదివారం లోపు ఆలోచించుకో."

గైహువా బయటికి వచ్చింది. వేరు తప్పు కాదట. అదే వేరు మిరప్పిల్ల పొట్ట కోసం కాగితే నేరమట, ఓనరు కోడలి పొట్ట కోసం కాగితే వంటట. ఇది అన్యాయమని తెలుసుకోవడానికి పెద్ద బుర్ర అక్కర్లేదు. కానీ ప్యాకింగు సెక్షన్ ముందు నుంచే నడిచింది ఆమె. తెరిచిన కిటికీలు, గాలికి ఊగే కాగితాలు, కూర్చుని పనిచేసే ఆడవాళ్లు. ఒక్క పేరు చెబితే చాలు. ఆ పేరు నాలుక మీదే ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమె పూసిన జిగురు రెండుసార్లు అంచు దాటింది. పక్కనున్న మనిషి ఏమైందని అడిగితే ఏం లేదంది.

*

సాయంత్రం షిఫ్ట్ దిగి వచ్చేసరికి లియావ్ అక్క పెట్టె సర్దుతోంది.

"నా కుండ, నా మెడ," అంది. "ఎనిమిది మంది రోడ్డున పడటం దేనికి?"

"నా పొట్ట కోసం కదా వండావు, నేను నిలబడతా," అంది టాన్ యింగ్.

"నిలబడగలవా? నిన్న కూర్చోలేకపోయావు. నోరు మూసుకుని ఆ క్యాంటీన్ గుడ్డు తిను."

నలభై దగ్గర పడిన ఆడదాన్ని ఇంకో ఫ్యాక్టరీ గేటు లోపలికి కూడా రానివ్వదు. ఈ సంగతి గదిలో అందరికీ తెలుసు.

గైహువా తన పై మంచం ఎక్కి, దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాసేపాగి అంతా చెప్పింది. మట్టికుండ, కోడి, చెక్కపలక, అమ్మ గోరు గిల్లు, ఓనరు కోడలు, ప్యాకింగు, కిటికీ. ఏదీ దాచలేదు.

"చెప్పేశావా అక్కా?" అంది టాన్ యింగ్ మెల్లగా.

"చెప్పుంటే నీ దగ్గరికొచ్చి కథ చెబుతానా?"

లియావ్ అక్క పెట్టె మూత వేసింది. "చెప్పాల్సింది. నేనెలాగూ పోతున్నాను. నీకైనా గాలి తగిలేది."

"ఏం మాటలక్కా అవి?" గైహువా కోపంతో దిండును గుద్దింది. లోపల గరగర చప్పుడైంది.

"ఆ దిండులో ఏముందే?" అంది కింద నుంచి ఒకామె. "రెండేళ్ల నుంచీ అడుగుదామనుకుంటున్నా. రాత్రంతా ఎలుక తిరిగినట్టుంటుంది."

"తోకలు. వేరు చివర పీచు. ఎవరూ కొనరు, మా అమ్మ దిండులో కుట్టింది, తలనొప్పి రాదని..."

అంటూనే ఆగిపోయింది. టాన్ యింగ్ అప్పటికే నిచ్చెన ఎక్కి దిండులో ముఖం పెట్టింది. పైకి తీసేసరికి దాని కళ్లు గుండ్రంగా ఉన్నాయి.

"నీ తలకాయ కింద ఇంత పెట్టుకుని మన సూపర్‌వైజర్‌కి లంచం కోసం ఏడుస్తున్నావా?"

"దాని వాసన నాకు తెలియడం మానేసిందే. రెండేళ్లయింది."

గైహువా దిండు అంచు పళ్లతో పట్టి కుట్టు లాగింది. పొగ రంగు పీచు మంచం మీద కుప్ప పోసినట్టు పడింది. గది అంతా నిండిపోయింది. చచ్చిపోయిన ముక్కులన్నీ ఒక్కసారి లేచాయి.

"గదిలో వండటం తప్పందావిడ," అంది గైహువా, నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "ఫ్లాస్కులో వేస్తే వండటం అవుతుందా? వేడినీళ్లు కంపెనీ బాయిలర్‌వి. మనం రోజూ క్యూలో పట్టుకునేవే. ఫ్లాస్కు వద్దని రూలు లేదు."

లియావ్ అక్క పీచు కొంచెం తీసి అరచేతిలో నలిపింది. "తలంత బలం ఉండదు. కానీ సారం నీళ్లలోకి దిగుతుంది. వాసన మాత్రం తలకంటే ఎక్కువ."

"అదే కావాలి. ఎవరి ఒంటి మీద వాసన ఉందో వాళ్లు నిలబడాలంది కదా. మైకులో చెప్పింది, రెండుసార్లు. ఈ గదికే కాదు, హాస్టల్ మొత్తానికీ చెప్పింది. వాసనకి గది నంబరు ఉంటుందా అక్కా?"

*

చేతి తొడుగుల వేళ్లు కత్తిరించి, ఒక్కో వేలులో గుప్పెడు పీచు కుక్కి ముడివేశారు. శుక్ర, శనివారాలు ఆ వేళ్లు స్నానాల క్యూలో, బాయిలర్ క్యూలో, బట్టలారేసే మేడ మీద చేతులు మారాయి.

అంత తేలిగ్గా ఏం జరగలేదు. సిచువాన్ వాళ్లు కోడి లేకుండా ఇదేం తాగడమన్నారు. జియాంగ్‌షీ వాళ్లు సారా పోయాలన్నారు. ఐదో అంతస్తులో ఒకామె వేలు పుచ్చుకుని, గంట తర్వాత వచ్చి తిరిగి ఇచ్చేసింది. "మా ఆయన కూడా ఇక్కడే పనిచేస్తున్నాడే, ఇద్దరం పోతే ఎలా?" అంది. గైహువా ఆ వేలు తీసి జేబులో వేసుకుంది. తిరిగి ఇచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. తీసుకుని ముఖం చాటేసినవాళ్లూ ఉన్నారు.

లియావ్ అక్క మాత్రం ప్రతి క్యూలోనూ ఒకే పాట పాడింది. "ముట్టు ఆగిపోయి నొప్పి పెడుతున్నవాళ్లు తాగండి. ముట్టు రోజులు అయిపోయినవాళ్లు తాగండి. ధారగా పోతున్నవాళ్లు మాత్రం తాగొద్దు, మూత తీసి పక్కన పెట్టుకోండి చాలు. విన్నారా? తర్వాత నన్ను తిట్టొద్దు."

రెండో అంతస్తులో ఒక సన్నటి పిల్ల ఫ్లాస్కు గుండెకి ఆనించుకుని నిలబడింది. "నేను మూత తీసే పెట్టుకుంటానక్కా," అంది. లియావ్ అక్క దాని ముఖంలోకి చూసి, పొట్ట వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. "అవును, నువ్వు తాగకు. జాగ్రత్త," అని ముందుకు పోయింది.

శనివారం సాయంత్రం దిండు ఉత్త గుడ్డయింది. గైహువా దాన్ని మడిచి పెట్టుకుని, స్వెటర్ చుట్టి తల కింద పెట్టుకుంది. రేపు పొద్దున ఎంతమంది మూత తీస్తారో ఆమెకు తెలియదు. గదిలో ఎనిమిది మందే తీస్తే ఎనిమిది మందీ పోతారు. ఆ ముప్పు తనే తెచ్చిపెట్టింది.

*

ఆదివారం పొద్దున గైహువా తలుపు తీసి కారిడార్‌లోకి వచ్చింది. కాసేపు ఏమీ లేదు. తడి సిమెంటు, సబ్బు. ఎదురుగదిలో మూత తిప్పిన చప్పుడు. తర్వాత పక్కగదిలో. కింద అంతస్తులో ఎవరో దగ్గారు, ఎవరో నవ్వారు, ఇంకో మూత. వాసన మెట్ల మీదుగా పైకి లేచి, ఆమె పాదాల దగ్గరికి వచ్చి, మోకాళ్ల దాకా ఎక్కి, ముఖానికి తగిలింది. పొగ ఇంట్లో తలుపు తీసినట్టుంది. ఆమె గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.

పరేడ్ మైదానంలో వరసలు కట్టారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఎనామెల్ మగ్గు. మగ్గులోంచి ఆవిరి. పొద్దున నీళ్లు తాగడం రూలుకి విరుద్ధం కాదు.

కువాంగ్ మేడమ్ ఒక చేతిలో ప్లాస్టిక్ తాడు కట్టిన కుక్కర్, ఇంకో చేతిలో చారు పోసిన స్టీలు క్యారియరుతో వచ్చింది. గేటు దగ్గర ఓనరు కారు వచ్చి ఆగి ఉంది, క్యారియరు కోసం. ఆవిడ నాలుగడుగులు వేసి ఆగింది. ముక్కు ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది. ముఖంలో ఏదో జారిపోయింది.

అయినా అనాల్సింది అనేసింది. "ఎవరి ఒంటి మీద వాసన ఉందో..."

లియావ్ అక్క కాలు కదిపింది. ఆమె కంటే ముందు గైహువా వరసలోంచి బయటికి వచ్చి, మగ్గు రెండు చేతులతో పట్టుకుని గేటు వైపు నడిచింది. వెనక చూడలేదు. చూస్తే ధైర్యం చాలదని ఆమెకు తెలుసు. కంకర మీద తన చెప్పుల చప్పుడొక్కటే వినబడింది. తర్వాత ఇంకో జత. అది టాన్ యింగ్, అడుగుల్లోనే తెలుస్తుంది, ఎప్పుడూ ఈడ్చుకుంటూ నడుస్తుంది. తర్వాత లెక్కకి అందలేదు.

గేటు చేరి తిరిగి చూసేసరికి మైదానంలో సగానికి పైగా ఖాళీ. జిగురు సెక్షన్ అంతా వచ్చింది. కుట్టు సెక్షన్ సగం వచ్చింది. వరసల్లో మిగిలినవాళ్లు తలలు దించుకుని నిలబడ్డారు. వాళ్లలో ఐదో అంతస్తు ఆమె కూడా ఉంది. చూస్తుండగానే ఆమె కూడా ఖాళీ చేతులతో నడిచి వచ్చి వెనక చేరింది.

ఆడవాళ్లు గేటుకి అడ్డంగా, చెప్పినట్టే, నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. మగ్గుల్లోంచి గుటకేసిన చప్పుడు మాత్రం వినబడుతోంది.

"ఒక్క కుండే ఉంది మేడమ్," అంది టాన్ యింగ్. "ఎవరి మెడలో వేస్తారు?"

ఎక్కడో ఒక నవ్వు పుట్టి వరస చివరిదాకా పాకింది.

కారు డ్రైవరు దిగాడు. "మేడమ్, చారు ఇటివ్వండి. చల్లారితే చిన్నమ్మగారు తాగకూడదు. దారి ఇమ్మనండి."

"జరగండి," అంది కువాంగ్ మేడమ్.

"ఎలా జరుగుతాం?" అంది లియావ్ అక్క. "నిలబడమన్నది మీరే. మైకులో కూడా చెప్పారు. ఇంకా అందరూ రానే లేదు."

"ఇంకా ఎవరు రావాలి?"

లియావ్ అక్క కువాంగ్ మేడమ్ చొక్కా చేతి వైపు చూసింది. గైహువా కూడా చూసింది. నాలుగు రోజులుగా మట్టికుండ మీద వంగిన చెయ్యి అది. మైదానంలో అందరికంటే చిక్కగా వాసన వస్తున్నది అక్కణ్నుంచే.

"కువాంగ్ పిన్నీ," అంది గైహువా. మేడమ్ అనలేదు. ఎగతాళి కూడా చేయలేదు. "మీరూ వచ్చి మా పక్కన నిలబడండి. లేకపోతే మా సంచి ఇచ్చేయండి. మీరే చెప్పారుగా, దాంగ్‌గుయ్ అంటే తిరిగి చేరవలసినది అని."

కువాంగ్ మేడమ్ చెయ్యి ముక్కు దాకా వచ్చి, మధ్యలో ఆగి, కిందికి దిగింది. డ్రైవరు వాచీ చూసుకున్నాడు. ఆవిడ కుక్కర్‌ను కంకర మీద పెట్టింది, విసరలేదు, మెల్లగానే పెట్టింది. ఆఫీసులోకి వెళ్లి నీలం సంచి తెచ్చి గైహువా చేతిలో పెట్టింది. సంచి తేలిగ్గా ఉంది.

"మూడు వాడాను," అంది తక్కువ గొంతుతో. "ఎవరు కట్టారో గానీ, మంచి పొగ పట్టించారు."

"మా అమ్మ," అంది గైహువా.

దారి ఇచ్చారు. కారు వెళ్లిపోయింది. చారు ఇంకా వేడిగానే ఉండి ఉంటుంది. బాలింత ఎవరి కోడలైతే ఏం, చల్లటిది తాగకూడదు.

ఆ సాయంత్రం ఎవరూ పెట్టె సర్దలేదు. గైహువాని ప్యాకింగుకీ మార్చలేదు. సోమవారం మళ్లీ అదే బ్రష్, అదే వేడిపెట్టె. కాకపోతే బాయిలర్ గదిలో, మేకుకి, ప్లాస్టిక్ తాడుతో ఒక కుక్కర్ వేలాడుతోంది. నొప్పి వచ్చిన పిల్ల దాన్ని తీసి వాడుకుని, కడిగి మళ్లీ అక్కడే తగిలిస్తోంది. ఎవరిదని వార్డెన్ అడగలేదు. ఆ వైపు వచ్చినప్పుడు ఆవిడకి జలుబు చేసినట్టుంటుంది.

*

బజారు కొట్లోని ఫోన్ నుంచి గైహువా ఊరికి చేసింది. అక్కడా ఫోన్ కొట్లోనే ఉంది, అమ్మని పిలుచుకొచ్చేదాకా ఆగాలి. ఆయాసంతో వచ్చింది అమ్మ.

"ఇచ్చావా తలలు?"

"ఇచ్చానమ్మా."

"మారుస్తానన్నాడా?"

"అతనికి కాదు. ఇక్కడ పిల్లలకి. నేనూ తాగాను. దిండులోవి కూడా అయిపోయాయి."

అమ్మ తిడుతుందనుకుంది గైహువా. లైనులో గాలి వీస్తున్నట్టు చప్పుడు.

"నువ్వు తాగావా?" అంది అమ్మ చివరికి. "ఎలా ఉంటుందే?"

గైహువా చేదు గురించి, తీపి గురించి, నడుములోకి పాకే వేడి గురించి చెప్పింది. తర్వాత కొట్టువాడికి వినబడినా లెక్కచేయకుండా కాస్త గట్టిగానే అంది. "ఈ ఏడు మొదట తవ్విన తల అమ్మొద్దు. అన్నిటికంటే లావుది ఏరి పక్కన పెట్టు."

"గొర్రెకా?"

"కాదమ్మా. నీకు."

గైహువా లైను తెగిందేమో అనుకుంది.

"గుడ్లు ముందు వెయ్యాలా," అడిగింది అమ్మ, "వేరు ముందా?"